మూడు వారాల ముచ్చట

తెనాలి నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం యిది. ఆమె కుమారుడు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్ళ తర్వాత భార్యాబిడ్డలతో ఈ వేసవిలో వస్తున్నాడు. సెలవు మూడు వారాలు.

"కిందటిసారి వచ్చినప్పుడు మా యింట్లో గట్టిగా అయిదు రాత్రులు పడుకున్నాడు. తక్కిన రోజులన్నీ అత్తవారింటికీ, పెళ్ళిళ్ళకీ, తిరుపతి మొక్కుకీ, హైదరాబాదు బజార్లకీ సరిపోయాయి. ఈసారయినా నాలుగు రోజులు ఎక్కువ ఉండమని అడగవచ్చా? అడిగితే కోడలు ఏమనుకుంటుందో?" అని ఆమె సందేహం. ఉత్తరం అడుగున యింకో చిన్న మాట ఉంది: "డాక్టరుగారు గుండెకు ఏదో పరీక్ష చేయించుకోమన్నారు. వాడు వచ్చి వెళ్ళాక చూసుకుందామని ఊరుకున్నాను."

ఆ అడుగున ఉన్న మాట సంగతి తర్వాత చెబుతాను. ముందు రోజుల లెక్క చూద్దాం.

మూడు వారాలంటే 21 రోజులు. రానూ పోనూ ప్రయాణాలకే రెండు మూడు రోజులు పోతాయి. శంషాబాదులో దిగాక తెనాలి చేరడానికి మళ్ళీ కారులో అయిదారు గంటలు. పోనీ, యింటికి చేరగానే మనుషులు మన లోకంలో పడతారా అంటే, అదీ లేదు. వేసవిలో న్యూజెర్సీకీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా. మన ఒంట్లోని గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుందని డాక్టర్లు చెబుతారు. అంటే మొదటి వారం సగం నిద్రలోనే గడుస్తుందన్నమాట. మనవడు రాత్రి 2 గంటలకు లేచి "ఆకలి" అన్నాడంటే అది పెంపకంలో లోపం కాదు. అప్పుడు అక్కడ సాయంత్రం నాలుగున్నర. బడి నుంచి వచ్చి ఏదో ఒకటి తినే వేళ!

యిక వీసా ముద్ర సంగతి. ఉద్యోగం వీసా మీద ఉన్నవాడికి పాస్‌పోర్టులో ముద్ర గడువు తీరిపోతే, యిక్కడి కాన్సలేటులో కొత్తది వేయించుకోనిదే తిరిగి వెళ్ళడం కుదరదు. 2025 సెప్టెంబరు 2 నుంచి, అంతకుముందు ఇంటర్వ్యూ లేకుండా పని జరిగిన వాళ్ళలో కూడా చాలామంది స్వయంగా హాజరు కావలసి వస్తోంది. 2025 డిసెంబరులో అనేకమందికి యిచ్చిన తేదీలు హఠాత్తుగా 2026కి వాయిదాపడి, సెలవుకు వచ్చినవాళ్ళు భార్యాబిడ్డలనూ ఉద్యోగాన్నీ అక్కడ పెట్టుకుని యిక్కడ చిక్కుకుపోయారు. అందుచేత పిల్లలు "ఈ ఏడు రాలేమమ్మా" అంటే అది ప్రతిసారీ ప్రేమ తక్కువై అన్న మాట కాదు. జీతంతో సెలవు యిచ్చి తీరాలనే కేంద్ర చట్టమూ ఆ దేశంలో లేదు; కంపెనీ ఎన్నాళ్ళిస్తే అన్నాళ్ళే.

యివన్నీ పోగా చేతికి మిగిలేవి పన్నెండో పదమూడో రోజులు. కోడలికీ తల్లీతండ్రీ ఉన్నారు కదా! ఆమె నాలుగేళ్ళుగా వాళ్ళను చూడలేదు కదా! సగం ఆమెవి. అమ్మా, ఆ అయిదు రాత్రుల లెక్క మీ కోడలు వేసింది కాదని యిప్పుడు మీకే తెలుస్తుంది.

అయినా మీరు అడగవచ్చు, అడగాలి కూడా. టిక్కెట్లు కొనకముందే అడగండి. కొడుకును చాటుగా పిలిచి కాదు, యిద్దరూ ఫోనులో ఎదురుగా ఉన్నప్పుడు. "అమ్మాయీ, మీ అమ్మగారు ఏ రోజులు అనుకుంటున్నారు? అవి పోను మాకు వరసగా ఒక వారం యివ్వండి" అనండి. కిందటిసారి అయిదు రాత్రుల మాట మాత్రం ఎత్తకండి. దెప్పిపొడుపుతో వచ్చిన వారం వారంలా ఉండదు.

ఆ వారాన్ని చుట్టాల యిళ్ళ చుట్టూ తిరగడానికి ఖర్చు పెట్టకండి. "వాళ్ళింటికి వెళ్ళారు, మా గడప తొక్కలేదు" అనే నిష్ఠూరం మనకు కొత్తా? ఒక ఆదివారం అందరినీ భోజనానికి పిలిచేయండి. కదలలేని పెద్దవాళ్ళ దగ్గరికి మాత్రం పిల్లల్ని తీసుకుని మీరే వెళ్ళండి.

పసివాళ్ళ సంగతి మరొకటి. అక్కడ పుట్టిన పిల్లలకు మన నీళ్ళు అలవాటుండవు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల గురించి బయలుదేరడానికి నెలా పదిహేను రోజుల ముందే అక్కడి డాక్టరును అడగమని వ్రాయండి. టైఫాయిడ్ యింజెక్షను కనీసం రెండు వారాల ముందు వేయించాలి. "మేము యిక్కడ పెరిగినవాళ్ళమే, మాకేమీ కాదు" అని తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు. ఏళ్ళ తరబడి బయట ఉంటే ఆ బలం తగ్గిపోతుంది. దిష్టి తీయండి, కాదనను. కాని నీళ్ళు కాచి చల్లార్చి యివ్వండి. బండి మీద కోసిపెట్టిన పండ్లూ, ఐసు వేసిన రసాలూ వద్దు.

యిప్పుడు ఆ చివరి మాటకు వస్తాను. కొడుకు సెలవు పాడవుతుందని మీరు పరీక్ష వాయిదా వేశారు. తల్లి మనసు అలాంటిదే. కాని ఆలోచించండి. వాడు వెళ్ళాక ఏదయినా బయటపడితే, మళ్ళీ సెలవు, మళ్ళీ టిక్కెట్టు, మళ్ళీ ఆ ముద్ర భయం! రావాలో మానాలో తెలియక వేల మైళ్ళ అవతల ఫోను పట్టుకుని కూర్చుంటాడు. అదే వాడు వచ్చేసరికి కాగితం చేతిలో ఉందనుకోండి, డాక్టరుతో తానే మాట్లాడతాడు, చేయవలసింది దగ్గరుండి చేయిస్తాడు. ఏమీ లేదని తేలితే మీరూ నిశ్చింతగా మనవడికి అన్నం కలిపి పెట్టవచ్చు.

యింటి కాగితాలు, బ్యాంకు పుస్తకం, అవసరానికి ఎవరిని పిలవాలన్న సంగతీ అంతే. మనవాళ్ళు యివన్నీ చివరి రాత్రికి అట్టిపెడతారు. ఆ రాత్రి యింటిల్లిపాదీ ఆవకాయ సీసాలకు గుడ్డలు చుడుతూ, పెట్టె 23 కిలోలు దాటిందా లేదా అని తూస్తూ ఉంటారు. అప్పుడు ఎవరి మాట ఎవరికి వినిపిస్తుంది? మొదటి వారంలోనే చెప్పేయండి.

కనుక అమ్మా, ఈ వారమే వెళ్ళి ఆ పరీక్ష చేయించుకోండి. ఏం తేలిందో ముందు నాకు కాదు, మీ అబ్బాయికి చెప్పండి.