సున్నిత మనస్కులు ఎవరు?

రాత్రి తొమ్మిదిన్నర. ఒక్క గది ఇల్లు. పొయ్యి, మంచం, పిల్లల సంచులు, టీవీ అన్నీ అందులోనే. తెర మీద అక్షరాలు పడతాయి. ఈ కార్యక్రమంలో హింస ఉంది, చిన్నపిల్లలు, గర్భిణులు, సున్నిత మనస్కులు చూడవద్దు అని. వెంటనే సంగీతం, చీకటి రోడ్డు, ఒంటరి ఆడపిల్ల, వెనక నుంచి అడుగుల చప్పుడు.

చూడకుండా ఎక్కడికి పోవాలె? బంగళా ఉన్నోనికి పిల్లల గది వేరే ఉంటది. ఆయన తలుపేసుకుని చూస్తడు. మన వాడల్లో తల్లి టీవీ బంద్ చేస్తే తప్ప పిల్లల కండ్లకు అడ్డం లేదు. కాబట్టి ఆ హెచ్చరిక మన కోసం రాసింది కాదు. కేసు పడకుండా చానల్ తనకు తాను కట్టుకున్న తాయెత్తు అది.

అయినా మా పేచీ ఆ హెచ్చరిక చిన్నగా ఉందని కాదు. అది నెత్తురు గురించి చెప్తది, అబద్ధం గురించి చెప్పదు. నెత్తురు చూసిన పిల్ల ఒక రాత్రి ఉలిక్కిపడుతుంది. అబద్ధం చూసిన పిల్ల జీవితమంతా దాన్నే నమ్ముతుంది. ఆ అబద్ధం ఏమిటో చెప్పడానికి దూరం పోనక్కర లేదు. మన శంషాబాద్ చాలు.

తొండుపల్లి నుంచి చటాన్‌పల్లి దాకా

2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది. ఐదు వేల ఎకరాల పైచిలుకు భూమి దాని కింద పోయింది. చుట్టూ అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. టోల్ గేట్ల దగ్గర లారీలు రాత్రింబగళ్ళు నిలబడతాయి. పైన విమానాలు తిరుగుతాయి. కింద మన ఆడోళ్ళు పొద్దుగూకినంక ఆటో కోసం చీకట్లో నిలబడతరు.

2019 నవంబర్ 27 రాత్రి తొండుపల్లి టోల్ గేట్ దగ్గర ఒక పశువుల డాక్టరమ్మ తన స్కూటీ కోసం వచ్చింది. టైరు పంచరైంది. సాయం చేస్తామని వచ్చిన మనుషులే ఆమె మీద అత్యాచారం చేసి చంపారని పోలీసులు చెప్పారు. తెల్లారి షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాలిపోయిన శవం దొరికింది. ఆ కుటుంబం దుఃఖం ముందు తల వంచుతున్నాం. ఆ తల్లిదండ్రులను మేం ఒక్క మాట అనం.

కాని ఆ రాత్రి ఇంకో సంగతి జరిగింది. బిడ్డ కనపడడం లేదని పోయిన ఇంటివాళ్ళను మా పరిధి కాదని ఒక ఠాణా నుంచి ఇంకో ఠాణాకు తిప్పారు. ఎవరితోనన్నా పోయిందేమో అని అడిగారని ఇంటివాళ్ళే బయటికి చెప్పుకున్నారు. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. ఏ క్రైం సీరియల్ అయినా ఈ భాగం చూపిస్తదా? ఠాణా గడప మీద గంటల తరబడి నిలబడ్డ తండ్రిని చూపిస్తదా? అది మన వాడల్లో ప్రతి ఇంటికి తెలిసిన కథ. కాని దాంట్లో సంగీతం లేదు, పరుగు లేదు. అందుకే అది తెరకెక్కదు.

పది రోజులు చానళ్ళు ఆ చావును సీరియల్ లెక్క నడిపాయి. బాధితురాలి పేరు, ఫొటో బయటపెట్టొద్దని చట్టం ఉంది. అప్పుడు అది ఐపీసీ 228-ఎ. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. చనిపోయిన బాధితురాలికి కూడా అది వర్తిస్తదని సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లోనే చెప్పింది. ఎవరు విన్నరు? ఆమె ముఖం ఇంటింటికీ వచ్చింది. ఆ తర్వాతనే 'దిశ' అని పేరు పెట్టారు. నలుగురు నిందితుల్లో ఒకని పేరు మాత్రమే పట్టుకుని, మతం రంగు పూసి, ఫోన్లలో తిప్పినోళ్ళు కూడా ఉన్నారు.

డిసెంబర్ ఆరు

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున ఆ నలుగురినీ చటాన్‌పల్లి తీసుకపోయి కాల్చి చంపారు. సీన్ రీకన్‌స్ట్రక్షన్ కోసం తీసుకపోతే తుపాకులు గుంజుకున్నారని పోలీసులు చెప్పారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. క్రైం సీరియల్‌లో నేరాన్ని మళ్ళీ ఆడించి చూపిస్తరు గదా, దానికీ అదే మాట. ఠాణాకూ స్టూడియోకూ ఒక్కటే స్క్రిప్టు అయింది.

జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. ఆ రోజు ఏ రోజో ఎవరికన్నా యాదికొచ్చిందా? రాజ్యాంగం రాసిన బాబాసాహెబ్ 1956లో కన్నుమూసిన రోజు అది. విచారణ లేకుండా ఎవని ప్రాణమూ తీయొద్దని రాసిపెట్టిన మనిషి వర్ధంతి నాడే ఆ రాతను మట్టిలో కలిపి చప్పట్లు కొట్టారు.

తర్వాత ఏమైంది? సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసింది. ఆ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మేటట్టు లేదు, చంపాలనే కాల్చారు అని తేల్చింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లే అన్నది. పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలన్నది. పూలు చల్లిన రోజు పొద్దంతా చూపించిన చానళ్ళు ఈ నివేదికను ఎన్ని గంటలు చూపించాయి? మీకే తెలుసు.

ఆ నలుగురు నేరం చేశారో లేదో కోర్టులో తేలకుండానే పోయింది. అంటే చనిపోయిన అమ్మాయికీ న్యాయం జరగలేదు. ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో ఆ తల్లికి ఏ జడ్జీ రాసివ్వలేదు. తుపాకీ తీర్పు ఇవ్వదు, ఫైలు మూస్తది. అంతే.

ఇంత జరిగినా వ్యాపారం ఆగలేదు. 2020లో రాంగోపాల్ వర్మ దీని మీద సినిమా ప్రకటించాడు. వద్దని అమ్మాయి తండ్రి హైకోర్టు మెట్లెక్కాడు. చివరికి 2022 జనవరిలో 'ఆశ ఎన్‌కౌంటర్' అని పేరు మార్చుకుని వచ్చింది. బిడ్డ పోయిన తండ్రి, బిడ్డ చావును బొమ్మ చేయొద్దని కోర్టుకు పోవాల్సిన దేశం ఇది. ఇక్కడ సున్నిత మనస్కులు ఎవరు?

టీవీకి అక్కర లేని చావు

అదే నెల. 2019 నవంబర్ 24. ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లాపటార్. ఊరూరు తిరిగి చిన్న సామాన్లు అమ్ముకుని బతికే ఒక దళిత స్త్రీ మీద ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. శంషాబాద్ కంటే మూడు రోజుల ముందు. ఆమెకు విమానాశ్రయం లేదు, టోల్ గేట్ లేదు, కెమెరాల బండ్లు లేవు. మాకూ న్యాయం కావాలని ఇంటివాళ్ళు, దళిత సంఘాలు రోడ్డెక్కితే తప్ప రాజధానికి ఆమె సంగతి పట్టలేదు. తర్వాత 'సమత' అని పేరు పెట్టారు. పేరు బాగనే ఉంది. సమానత ఏదీ?

ఇంకో మాట కూడా చెప్పాలె. ఆ కేసులో ఎన్‌కౌంటర్ జరగలేదు. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు. సాక్షులు చెప్పారు. 2020 జనవరి 30న ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. ఘటన జరిగిన రెండు నెలల ఆరు రోజులకు. ఉరి సరైందా కాదా అన్నది వేరే చర్చ. కాని 'కోర్టులైతే ఏండ్లు పడతది, అందుకే తుపాకీ' అనేటోళ్ళకు ఎల్లాపటార్ జవాబు. సర్కారు తల్చుకుంటే కోర్టు నడుస్తది. తల్చుకోకపోతేనే నడవదు.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇరవై మూడేండ్లు. 2014లో టీవీలకు కొదవ లేదు. 'వాళ్ళను మాకు అప్పగించండి' అని ఏ చానల్ అన్నా అరిచిందా? అరవలేదు. మేమూ అరవమనడం లేదు. చుండూరు బిడ్డలు అడిగింది కోర్టును, తుపాకీని కాదు. తుపాకీ న్యాయం భూస్వామి గడపకు ఎన్నడూ పోదు. లారీ క్లీనర్ గుడిసెకే వస్తది. ఇవాళ వాని గుడిసెకు వస్తే చప్పట్లు కొట్టినోడు, రేపు తన కొడుకును ఠాణాకు గుంజుకపోతే ఎవరిని అడుగుతడు?

క్రైం సీరియల్ నేర్పేది ఈ తుపాకీ పాఠమే. నేరస్తుడు అంటే నల్లగా ఉంటడు, లుంగీ కడతడు, బస్తీలో ఉంటడు. ఆడది రాత్రి బయటికొస్తే అంతే. పోలీసు అంటే దేవుడు, వకీలు అంటే అడ్డం. అట్రాసిటీ కేసు, పంచుల ముందు రాజీ ఒత్తిడి, సాక్షిని బెదిరించుడు, ఇవేవీ ఆ తెరలో నేరాలు కావు.

అక్కలారా, అన్నలారా

టీవీ పగలగొట్టమని మేం చెప్పం. పనిచేసి అలసిన మనిషికి కాసేపు బొమ్మ కావాలె. కాని కండ్లు తెరిచి చూడాలె.

ఒకటి. సినిమాకు ముందే సర్టిఫికెట్ ఉంటది, టీవీ సీరియల్‌కు ముందు సెన్సార్ లేదు. 1995 కేబుల్ టీవీ చట్టం కింద పెట్టిన కార్యక్రమాల నియమావళే దానికి కట్టుబాటు. అందరూ చూడదగనిది కేబుల్‌లో వేయరాదని అందులో ఉంది. 2021 నుంచి ఫిర్యాదు పద్ధతి వచ్చింది. చానల్‌కు రాతపూర్వకంగా రాయండి. 15 రోజుల్లో జవాబియ్యాలె. ఇవ్వకపోయినా, నచ్చకపోయినా పై సంఘానికి పోవచ్చు. ఒక్కరు కాదు, వాడంతా సంతకం పెట్టండి.

రెండు. ఇప్పుడు బొమ్మ ఫోన్‌లోకి వచ్చింది. ఓటీటీల్లో ఏడేండ్లు, పదమూడేండ్లు, పదహారేండ్లు, పెద్దలకు మాత్రమే అని గుర్తు వేయాలని 2021 నిబంధన. పదమూడేండ్ల గుర్తు నుంచి పైవాటికి తాళం పెట్టే ఏర్పాటు ఉండాలె. చదువుకున్న పిల్లలు తల్లులకు ఆ తాళం వేయడం నేర్పండి.

మూడు. ఠాణాలో మా పరిధి కాదంటే కదలకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలో అయినా ఫిర్యాదు రాసుకోవాల్సిందే. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారం కేసులో విధి మరిచిన అధికారికి అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ ఉంది.

నాలుగు. సీరియల్ అయిపోయినంక పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఇందులో పోలీసు ఎవరిని కొట్టిండు? ఏ కులపోన్ని చూపించారు? చనిపోయిన ఆమె ఇంటివాళ్ళ మాట ఎవరన్నా విన్నరా? పదేండ్ల పిల్ల కూడా జవాబు చెప్తది.

ఎల్లాపటార్‌ను మరిచిపోయినోడు, చటాన్‌పల్లిలో చప్పట్లు కొట్టినోడు సున్నిత మనస్కుడు కాడు. బిడ్డ కోసం ఠాణా గడప మీద తెల్లారేదాకా కూర్చున్న తల్లి సున్నిత మనస్కురాలు. ఆమె కండ్లతో టీవీ చూద్దాం.