ఏ తూటాకి పూలు, ఏ తూటాకి కన్నీళ్ళు?

మా అమ్మాయి పురుడికని అమెరికా వెళ్ళి డాలస్ దగ్గర ఆర్నెల్లు ఉన్నాను. శనివారం సాయంత్రాలు చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళంతా ఎవరో ఒకరింట్లో చేరేవాళ్ళు. తలా ఒక వంటకం తెచ్చుకోవడం, తిన్నాక ఏదో ఒక సినిమా చూడటం అలవాటు. ఒకసారి మా అమ్మాయి పట్టుబట్టి ‘ది కిల్లింగ్ ఆఫ్ బ్రియానా టేలర్’ పెట్టించింది. యోరుబా రిచెన్ అనే నల్లజాతి స్త్రీ 2020లో తీసిన డాక్యుమెంటరీ అది.

చూస్తున్నంతసేపూ గదిలో మాట లేదు. అయిపోయాక దాదాపు అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళని నేను శంకించడం లేదు. నేనూ ఏడ్చాను. కానీ ఆ తర్వాత గంటసేపు నడిచిన మాటలు మాత్రం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు జరిగిందేమిటో చెప్పాలి. బ్రియానాకి 26 ఏళ్ళు. అత్యవసర వైద్య సహాయకురాలిగా పనిచేసేది. 2020 మార్చి 13న అర్ధరాత్రి దాటాక, కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో ఆమె ఇంటి తలుపు బద్దలు కొట్టుకుని పోలీసులు లోపలికొచ్చారు. ఆమె పాత స్నేహితుడి మీద మాదకద్రవ్యాలు అమ్ముతున్నాడన్న అనుమానం ఉంది. అతను ఆ ఇంట్లో లేడు. ఆమెతో ఉన్న స్నేహితుడు దొంగలనుకుని తన లైసెన్సు తుపాకితో ఒకసారి కాల్చాడు. ఆ తూటా ఒక పోలీసు తొడకి తగిలింది. బదులుగా ముగ్గురు పోలీసులు 32 తూటాలు పేల్చారు. బ్రియానా చనిపోయింది. ఇంట్లో మాదకద్రవ్యాలూ లేవు, డబ్బూ లేదు. పోలీసులు బయటపెట్టిన సంఘటన నివేదిక దాదాపు ఖాళీగా ఉంది. ‘గాయాలు’ అన్న చోట ‘ఏమీ లేవు’ అని ఉంది!

సినిమా అయ్యాక మొదట వినిపించిన మాట: “పాపం, ఏ తప్పూ చెయ్యని పిల్ల.”

రెండోది: “అయినా అలాంటివాడితో స్నేహం చెయ్యడమేంటి? మనిషిని చూసుకోవద్దూ?”

మూడోది: “మన దగ్గరైతే పోలీసులు చంపాల్సిన వాళ్ళనే చంపారు. దిశ కేసులో చూళ్ళేదూ?”

మూడు మాటలూ ముగ్గురు అన్నారు గానీ, నా చెవికి ఒక్క మాటలాగే వినపడ్డాయి. చచ్చిపోయినవాళ్ళు మంచివాళ్ళయితే ఏడుస్తాం. అనుమానం ఉంటే సగమే ఏడుస్తాం. చెడ్డవాళ్ళని మనకి చెబితే చప్పట్లు కొడతాం. ఎవరు చెప్పారు? తుపాకి పేల్చినవాళ్ళే చెప్పారు!

నేను ఆ మాటే పైకి అన్నాను. గది ఒక్కసారి బిగుసుకుపోయింది. “ఆంటీ, ఆ నలుగురికీ ఈ అమ్మాయికీ పోలికా?” అంది ఒకమ్మాయి. ఇంకొకామె నా ఒళ్ళో ఉన్న పసిగుడ్డుని చూపించి, “రేపు ఈ పిల్లకే అలా జరిగితే కూడా ఇలాగే మాట్లాడతారా?” అంది.

ఈ రెండో ప్రశ్న దగ్గర మనలో చాలామంది నోళ్ళు మూతపడతాయి. నాదీ మూతపడింది. ఎందుకంటే 2019 డిసెంబర్ 6న పొద్దున్నే టీవీ పెట్టి, చటాన్‌పల్లి దగ్గర నలుగురినీ కాల్చేశారన్న వార్త విన్నప్పుడు నా గుండెల్లో ఏదో బరువు దిగినట్టయింది. ఇరవై ఏళ్ళుగా స్త్రీల సమస్యల మీద మాట్లాడుతున్నదాన్ని, ఆ అరగంట సేపు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. కాబట్టి పోలీసుల మీద పూలు చల్లినవాళ్ళనీ, రాఖీలు కట్టినవాళ్ళనీ పైనుంచి చూసి తిట్టే అర్హత నాకు లేదు. ఆ రోజు నాకెవరైనా గుప్పెడు పూలిస్తే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

అయితే ఆ ఊరట ఎక్కడినుంచి వచ్చిందో ఇన్నేళ్ళకైనా అడగాలి కదా. అన్యాయమైపోయిన ఆ పశువైద్యురాలికి దాంతో ఏం ఒరిగింది? ఆ రాత్రి ఆమె ఇంటివాళ్ళు ఫిర్యాదు చెయ్యడానికి వెళితే, ఇది మా పరిధి కాదంటే మా పరిధి కాదని స్టేషన్ల మధ్య తిప్పారు. తర్వాత ముగ్గురు పోలీసులని సస్పెండ్ చేశారు. చటాన్‌పల్లి తూటాలు పేలాక ఆ రాత్రి గురించి అడిగే గొంతు ఎక్కడైనా మిగిలిందా? తూటాల మోతలో మొదట మునిగిపోయింది ఆ ఇంటివాళ్ళ ప్రశ్నే.

పోలిక మనుషుల మధ్య కాదు. తుపాకి పేలాక చెప్పిన కథల మధ్య. లూయివిల్‌లో సోదా వారెంటు సంపాదించడానికి అబద్ధం చేర్చామని ఒక మాజీ డిటెక్టివ్ 2022లో కోర్టులో ఒప్పుకుంది. చటాన్‌పల్లిలో నిందితులు ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపితే ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ కథ నమ్మదగింది కాదంది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలని సిఫార్సు చేసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని చెప్పింది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది. గదిలో పదకొండు మందిమి ఉన్నాం. ఈ సంగతి నాకూ మా అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు. పూలు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

“చట్టం పనిచెయ్యదు కాబట్టే కదా ఆంటీ, ఇలా చెయ్యాల్సొచ్చింది?” అన్నారు. సరే, ‘సమత’ ఎవరో తెలుసా అని అడిగాను. ఒక్కరికీ తెలియదు. అదే 2019 నవంబర్‌లో, దిశ ఘటనకి మూడు రోజుల ముందు, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిన్నాచితకా వస్తువులు అమ్ముకునే ఒక దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. ఆమెకి పెట్టిన పేరే సమత. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న, అంటే రెండు నెలల పైచిలుకులో, విచారణ జరిపి తీర్పు చెప్పింది. ఉరిశిక్షని నేను సమర్థించను, అది వేరే చర్చ. కానీ సాక్ష్యాలు చూసి, వాదనలు విని నేరం నిర్ధారించడం ఇదే రాష్ట్రంలో, అదే రోజుల్లో సాధ్యమైంది కదా! చటాన్‌పల్లిలో మాత్రం ఆ నలుగురే చేశారా, ఎవరెంత చేశారు అన్నది ఇక ఏ కోర్టూ తేల్చలేదు.

ఇంకో సంగతి. ఈ తుపాకి ఎవరి మీద పేలుతుందో గమనించారా? చటాన్‌పల్లిలో చనిపోయినవాళ్ళు లారీ డ్రైవర్లు, క్లీనర్లు. 2022 మేలో జూబ్లీహిల్స్‌లో మైనరు బాలిక మీద జరిగిన అత్యాచారం కేసు నిందితుల్లో పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లలున్నారు. వాళ్ళనెవరూ తెల్లారకముందే ఏ వంతెన దగ్గరికీ తీసుకుపోలేదు. తీసుకుపోకూడదు కూడా. కానీ ఆ తేడా మనకి కనపడాలి.

మరి నిందితులు పోలీసులే అయితే? 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో, కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. పదిహేనేళ్ళకి పైగా కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో నిందితులందరినీ కోర్టు విడుదల చేసింది. దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వమంది. ‘తక్షణ న్యాయం’ అని చప్పట్లు కొట్టిన మనం, ఆ పదకొండు మంది కోసం ఒక్క సాయంత్రమైనా కొవ్వొత్తి వెలిగించామా? ఆడవాళ్ళని కాపాడే తుపాకి అని మనం దండం పెడుతున్నది ఎవరి చేతిలో ఉందో వాళ్ళనడిగితే చెబుతారు.

ఆ తుపాకి మనకేమిచ్చిందో కూడా చూద్దాం. 2019 డిసెంబర్ మొదట్లోనే, ఆర్టీసీలో పనిచేసే ఆడవాళ్ళకి రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వెయ్యొద్దని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. తుపాకేమో వాళ్ళ చేతికి, గడియేమో మన తలుపుకి! రక్షణంటే ఇంట్లో కూర్చోవడమేనా? బ్రియానా ఇంట్లోనే ఉంది కదా!

“అలాంటివాడితో స్నేహమేంటి” అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ మీద పోలీసుస్టేషన్‌లో అత్యాచారం జరిగి, ఆమె భర్తని కొట్టి చంపినప్పుడు కూడా ఆమె నడవడి గురించే ప్రశ్నలు వేశారు. ఎంతమంది మొగుళ్ళు, ఎలాంటి మనిషి అని. ఇన్నేళ్ళ తర్వాత, సముద్రాలు దాటొచ్చి చదువుకున్న ఆడవాళ్ళం, చచ్చిపోయిన ఒక పిల్లని అదే బోనులో నిలబెడుతున్నాం. నడవడి పరీక్షలో నెగ్గిన స్త్రీకే న్యాయం అన్నది పితృస్వామ్యం మనకి నేర్పిన పాఠం. నెగ్గనివాళ్ళ మీద తూటా పేలినా ఫర్వాలేదన్నది దాని రెండో పేజీ.

చటాన్‌పల్లి జరిగిన రోజే హైదరాబాద్‌లో కొందరు మహిళా కార్యకర్తలు హైకోర్టుకి విన్నవించుకున్నారు. కోర్టు ఆ మృతదేహాలని భద్రపరచమంది. “మీరు ఆడవాళ్ళేనా?” అని వాళ్ళని తిట్టినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువమంది నాకు తెలుసు. చనిపోయినవాళ్ళలో ఒకరి భార్య అప్పటికి గర్భిణి. ఆమె ఆడది కాదా?

బ్రియానా విషయంలోనూ న్యాయం పూర్తయిందని నేననను. నగరం ఆ కుటుంబానికి కోటీ ఇరవై లక్షల డాలర్లు ఇచ్చింది. 2024 నవంబర్‌లో ఒక మాజీ పోలీసుని జ్యూరీ దోషి అంది. 2025 జూలైలో 33 నెలల శిక్ష పడింది. అయితే అతను పేల్చిన తూటాలు ఆమెకి తగల్లేదు. తగిలిన తూటాలు పేల్చినవాళ్ళ మీద కేసే పెట్టలేదు. అక్కడా రాజ్యం రాజ్యమే. కానీ ఆ తల్లి అడగడం మానలేదు, వేలమంది ఆమె వెంట వీధుల్లో నడిచారు, ఒక స్త్రీ సినిమా తీసింది. ఆ సినిమా చూసి ఏడ్చిన మనం మన ఊరి తూటా దగ్గరికొచ్చేసరికి అడగడం ఎందుకు మానేశాం?

“ఈ పిల్లకే జరిగితే?” అన్న ప్రశ్నకి ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. జరిగితే నేను పిచ్చిదాన్నయిపోతాను. నా చేతికి తుపాకి దొరికితే ఏం చేస్తానో చెప్పలేను. నా దుఃఖం అది. దాన్ని అడ్డం పెట్టుకుని తుపాకి పేల్చే హక్కు మాత్రం ఏ పోలీసుకీ నేనివ్వను. నా మనవరాలి పేరు చెప్పి ఎవరూ తుపాకి ఎత్తనక్కర్లేదు. మా పిల్ల ఇంకా ఇంటికి రాలేదని ఆ రాత్రి మేం స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చినప్పుడు, పరిధి అడక్కుండా కలం ఎత్తండి చాలు.