గృహ విజ్ఞానము: ఇంటి కంప్యూటరునకు పట్టిన చీడ



గత మాసమున మా చెల్లెలింటికి బోయినపుడు, వారి కంప్యూటరుపై గుడ్డ కప్పి యుండుట చూచితిని. "దానికేదో జబ్బు చేసినదక్కా! తెఱచినంతనే ప్రకటనలు కుప్పలుగా వచ్చి పడుచున్నవి" అని యామె చెప్పెను. మా నాయనగారి కడపటి ఛాయాచిత్రములును, ఆయన పాడిన పాట యొకటియు నా యంత్రములోనే యున్నవి. వేఱొక ప్రతి లేదు. నాకు గుండె ఝల్లుమనెను.

చెల్లెలి కుమారుడు పండ్రెండేండ్లవాడు. వానిని ప్రక్కకు బిలిచి, "నాయనా, జరిగినది చెప్పుము. నిన్నెవరును దండింపరు" అంటిని. వాడు కంట తడి పెట్టుకొని చెప్పినాడు. వెల యిచ్చి కొనవలసిన యాట నొకదానిని ఉచితముగా నిత్తుమను చోటినుండి దింపుకొనెనట. రక్షక సాధనమును ఆపివేయుమని అది కోరగా అటులే చేసెనట. తండ్రి కోపగించునని పది దినములు దాచెను. ఆ పది దినములలో మా చెల్లెలి మెయిలు పాస్‌వర్డు దొంగల పాలయ్యెను. ఆమె పేర బంధువులకు "అత్యవసరము, సొమ్ము పంపుడు" అని ఉత్తరములు పోయెను. మా పినతల్లి పంపబోవుచు, ముందుగా ఫోనులో నడిగినందున నష్టము తప్పినది.

మాల్‌వేర్ అనగా మనకు దెలియకుండగనో, మనలను మోసగించి యనుమతి పొందియో కంప్యూటరులో జొరబడి చెఱుపు చేయు ప్రోగ్రాము. కొన్ని ప్రకటనలతో విసిగించును. కొన్ని మనము టైపు చేయు ప్రతి యక్షరమును దొంగలకు జేరవేయును. కొన్ని మన ఫైళ్లకు దాళము వేసి, విడుదలకు సొమ్మడుగును. దీని బలమంతయు దాగి యుండుటలోనే కలదు. ఇంటివారు భయపడి దాచినకొలది దానికే మేలు. కావున చికిత్సలో మొదటి మెట్టు కోపము మానుట.

ఆ దినమున మేము చేసిన పని వరుసగా చెప్పెదను.

మొదట ఇంటర్నెట్ సంబంధము త్రెంచితిమి. పిదప, చీడ సోకని వేఱొక ఫోనునుండి మెయిలు పాస్‌వర్డును, తరువాత బ్యాంకు పాస్‌వర్డును మార్చితిమి. చీడ పట్టిన యంత్రముననే మార్చినచో క్రొత్తదియు దొంగకే చేరును. మెయిలునకు రెండంచెల ధ్రువీకరణము నేర్పఱచి, ఇతర యంత్రములన్నిటినుండియు ఆ ఖాతాను వెలుపలికి దీసితిమి. బంధువులకు ఫోను చేసి సంగతి తెలిపితిమి.

తరువాత విండోస్ సెక్యూరిటీలోని రక్షణను మరల మేల్కొలిపి, క్రొత్త వైరస్ గుర్తులు దింపుకొనుటకు మాత్రము కొలదిసేపు ఇంటర్నెట్ కలిపి, పూర్తి స్కాన్ చేయించితిమి. దానికి కొన్ని గంటలు పట్టెను. పిమ్మట అందే యున్న ఆఫ్‌లైన్ స్కాన్ చేయించితిమి. ఇది కంప్యూటరును ఆపి, విండోస్ మేలుకొనకముందే వెదకును గనుక దాగిన చీడకు మఱుగు దొరకదు. ఇందుకు పావుగంట చాలును. ప్రోగ్రాముల పట్టికలో ఆ యాటను, బ్రౌజరులో మే మెఱుగని ఎక్స్‌టెన్షన్లను తొలగించితిమి.

ప్రకటనలు మాత్రమే వచ్చుచున్నచో ఇంతటితో నాపవచ్చును. పాస్‌వర్డే పోయినప్పుడు యంత్రమును పూర్తిగా నమ్మరాదు. కావున ఛాయాచిత్రములను, పాటను, పత్రములను మాత్రము వెలుపలి డిస్కులోనికి దీసి, ప్రోగ్రాముల నొక్కటియు దీయక, విండోస్‌ను క్రొత్తగా నెక్కించితిమి. డిస్కును స్కాన్ చేసిన పిదపనే ఫైళ్లను తిరిగి చేర్చితిమి.

ఇక శుభ్రముగా నుంచుకొను విధము. విండోస్ పంపు సవరణలను వాయిదా వేయకుడు. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఒక లోపమునకు సవరణ నిచ్చెను. దానిని వేసికొనని యంత్రములపై ఆ సంవత్సరము మే 12వ తేదీన వాన్నాక్రై అను చీడ పడి, బ్రిటనులోని ఆసుపత్రుల పనులను సైతము స్తంభింపజేసెను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. దానినే వాడువారు విండోస్ 11కు మాఱుటో, పొడిగించిన రక్షణకు నమోదగుటో మేలు.

తెలిసినవారి పేర వచ్చినదైనను, అనుకోని జతపత్రమును తెఱవకుడు. 2000 మే మాసమున ప్రేమలేఖ రూపమున లోకమంతట వ్యాపించిన "ఐ లవ్ యూ" చీడ, ఒకరి చిరునామా పుస్తకములోని వారికందఱికిని వారి పేరుతోనే పోయినది. తెరపై వైరస్ సోకినదని యఱచుచు ఫోను నంబరు చూపునది మోసమే. ఆ నంబరునకు ఫోను చేయక బ్రౌజరును మూసివేయుడు. పిల్లలకు ప్రోగ్రాములు ఎక్కించు అధికారము లేని వేఱు ఖాతా నిండు. సొమ్ము పోయినచో జాగు చేయక 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకును దెలుపుడు.

అన్నిటికంటె ముఖ్యము, విలువగల ఫైళ్లకు వేఱొక ప్రతి. దానిని వెలుపలి డిస్కులో నుంచి, పని ముగిసిన వెంటనే తీగ యూడదీసి బీరువాలో బెట్టుడు. తగిలించి యుంచిన డిస్కునకును తాళము వేయు చీడలు గలవు.

మా చెల్లెలింట ప్రతి నెల మొదటి యాదివారమున ఆ ప్రతి తీయు పనిని పిల్లవానికే యొప్పగించితిమి. మొన్న వాడు ఫోను చేసి, "పెద్దమ్మా, ఈ దినము నేదో తెలియక నొక్కితిని, అమ్మకు వెంటనే చెప్పితిని" అనెను. చూడగా అందేమియు లేదు. అయినను వానిని మెచ్చుకొంటిని. తప్పు చెప్పిన బిడ్డకు తిట్లు దొరకని యింట ఏ చీడయు పది దినములు దాగజాలదు.