పరీక్ష రాయడమే కాదు, పరీక్ష పెట్టడమూ నేర్వాలి!

హాస్టల్లో చదివే మనకు పరీక్షలంటే కొత్త కాదు. యూనిట్ టెస్టులు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, ప్రీ ఫైనల్, సెమిస్టర్, ఎంట్రన్స్... బడిలో చేరిన నాటి నుండి నేటి దాకా ఎవరో ఒకరు మనల్ని పరీక్షిస్తూనే ఉన్నారు. మరి మన మార్కులను కూడే ప్రోగ్రామును, మన రేషన్ కార్డును ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చే ప్రోగ్రామును పరీక్షిస్తున్నది ఎవరు? అసలు పరీక్షిస్తున్నారా? ఈ వార్షికోత్సవ సంచికలో కంప్యూటర్ చదువులు చదువుతున్న మేము మా తమ్ముళ్ళ ముందు, చెల్లెళ్ళ ముందు, పెద్దలైన పూర్వ విద్యార్థుల ముందు ఉంచదలచుకున్న ప్రశ్న ఇదే.

ఇది ఉత్త ప్రశ్న కాదు. 2019 ఏప్రిల్ 18న మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన పరీక్షలు అవి. పరీక్షకు హాజరైన వాళ్ళకు ఆబ్సెంట్ అని పడింది. తెలుగులో 99 రావలసిన ఒక అమ్మాయికి సున్నా వచ్చింది. తల్లిదండ్రులు బోర్డు ముందు బైఠాయించారు. కొందరు పిల్లలు ప్రాణాలే తీసుకున్నారు. ఏ మెమో కూడా ప్రాణం కన్నా పెద్దది కాదని ఇక్కడే చెప్పుకుందాం. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని వేసింది. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల పేపర్లను ఉచితంగా మళ్ళీ పరిశీలింపజేసింది. మేలో వచ్చిన ఆ ఫలితాల్లో వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అందులో కొన్ని తప్పులు సాఫ్ట్‌వేరువి, కొన్ని చేత్తో బబ్లింగ్ చేసినప్పుడు జరిగినవి. కానీ మొదటి సంవత్సరం అదే సబ్జెక్టులో బాగా రాసిన వాళ్ళకు రెండో సంవత్సరం సున్నా కనబడితే ఒక్క క్షణం ఆగి అడగడం యంత్రానికి నేర్పవచ్చు. అలా నేర్పారా, నేర్పితే అది నిజంగా ఆగుతుందా అని ముందే చూడటాన్నే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అంటారు.

రేషన్ కార్డుల సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. రాష్ట్రంలో రద్దైన దాదాపు 19 లక్షల కార్డుల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇంటింటికీ వెళ్ళి చూడకుండా కంప్యూటర్ లెక్కలను నమ్మి తీసేశారన్నది పిటిషనర్ల వాదన. 2022లో కోర్టు ఆ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని చెప్పింది. కార్డు పోయిన ఇంట్లో బియ్యం ఒక్కటే పోవు, ఆ పిల్లల చదువు కూడా కదిలిపోతుంది.

మన దగ్గరే ఇలా జరుగుతుందని కూడా అనుకోవద్దు. బ్రిటన్ తపాలా శాఖలో 1999 నుండి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ వాడారు. అది లేని లోటును లెక్కల్లో చూపించింది. డబ్బు తిన్నారని చెప్పి దొరల దేశంలోనే తొమ్మిది వందల మందికి పైగా చిన్న పోస్ట్‌మాస్టర్ల మీద కేసులు నడిచాయి, కొందరు జైలుకు పోయారు. ఆ వ్యవస్థలో తప్పులున్నాయని 2019లో హైకోర్టు తీర్పు చెప్పింది. వాళ్ళ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ 2024లో చట్టం చేశారు. మనిషి మాటకు, యంత్రం మాటకు పోటీ వచ్చినప్పుడు లోకం యంత్రాన్నే నమ్ముతుంది. నష్టపోయేది ఎప్పుడూ నోరు లేనివాడే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ టెస్టింగ్ నేర్చుకోవడానికి పూర్వం చాలా ఖర్చయ్యేది. 2000 తర్వాతి సంవత్సరాల్లో మన సీనియర్ అన్నలు విన్‌రన్నర్, క్యూటీపీ అనే టూల్స్ కోసం అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ తిరిగారు. అవి లైసెన్సు కొంటే తప్ప దొరకని సాఫ్ట్‌వేర్లు. ఫీజు, రూము కిరాయి, మెస్ బిల్లు కలిపి ఇంట్లో ఒక కాపు పత్తి డబ్బులు అయిపోయేవి. 2004లో సెలీనియం పుట్టాక కొంత మార్పు వచ్చింది, అది ఉచితం. ఇవాళ ఇంకా తేలికైంది. మైక్రోసాఫ్ట్ 2015లో విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ ఉచితం. ప్రోగ్రాం రాసుకునే నోటుపుస్తకం లాంటిది అది. దానికి ఎక్స్‌టెన్షన్ అనే చిన్న చేర్పులు తగిలించుకోవచ్చు. అలాంటి వాటిలో టెస్టులను నడిపి, తప్పు ఎక్కడుందో వెతికి చూపించేవి ఉన్నాయి. పైథాన్ రాసేవాళ్ళకు పైథాన్ ఎక్స్‌టెన్షన్, వెబ్ పేజీలు పరీక్షించేవాళ్ళకు ప్లేరైట్ ఎక్స్‌టెన్షన్. ఇవీ ఉచితమే.

అది ఎలా పనిచేస్తుందో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాం. వందకు 35 వస్తే పాస్ అని తేల్చే నాలుగు లైన్ల ప్రోగ్రాం రాశామనుకోండి. దాన్ని ఊరికే ఒకసారి 70తో, ఒకసారి 20తో చూసి బాగుంది అనుకుంటే అది పరీక్ష కాదు. 34కి ఏమంటుంది? సరిగ్గా 35కి ఏమంటుంది? సున్నాకు, వందకు, పొరపాటున 101 కొడితే? మార్కులు ఖాళీగా ఉంటే అది సున్నానా, ఆబ్సెంటా? ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగా చిన్న టెస్టులుగా రాసి పెడతాం. ఎడిటర్ పక్కన సైన్స్ ల్యాబ్ గాజుకుప్పె లాంటి గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే మన టెస్టులన్నీ వరుసగా కనిపిస్తాయి. నడిపితే పాసైన వాటికి ఆకుపచ్చ టిక్కు, తప్పిన వాటికి ఎర్ర ఇంటూ పడుతుంది.

35కి ఎర్ర ఇంటూ పడిందనుకోండి. అప్పుడు ఆ టెస్టునే డీబగ్ పద్ధతిలో నడపాలి. ప్రోగ్రాంలో అనుమానం ఉన్న లైను పక్కన ఒక ఎర్ర చుక్క పెడితే కంప్యూటర్ సరిగ్గా అక్కడికి వచ్చి ఆగుతుంది. ఆ క్షణంలో మార్కుల విలువ ఎంతో పక్కన చూపిస్తుంది, 35 అని ఉంటుంది. ఎఫ్10 మీట నొక్కుతూ ఒక్కో లైను ముందుకు నడిపిస్తే ఫెయిల్ వైపు వెళ్ళడం మన కళ్ళ ముందే కనిపిస్తుంది. కారణం ఏమిటి? 35 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అని రాయవలసిన చోట 35 కన్నా ఎక్కువ అని రాశాం. ఒక్క గుర్తు తేడా! సరిగ్గా 35 తెచ్చుకున్న ప్రతి విద్యార్థి ఆ ఒక్క గుర్తుకు బలి అయ్యేవాడే. దిద్ది మళ్ళీ నడిపితే అన్నీ ఆకుపచ్చ. రేపు ఇంకెవరైనా ఆ ప్రోగ్రామును మార్చినా ఈ టెస్టులు అక్కడే కాపలా ఉంటాయి.

మన సిద్దిపేట గొల్లభామ చీర నేసే నేతన్నను చూడండి. పోగు తెగిందంటే మగ్గం ఆపి అప్పుడే అతుకుతాడు. చీర మొత్తం నేసి, మడత పెట్టి, షాపులో ఎవరో విప్పి చూసిన రోజున వెతుకుదాంలే అనుకోడు. రాస్తున్న చోటనే టెస్టు నడిపి, తెగిన చోటనే పట్టుకోవడంలో ఉన్న లాభం ఇదే.

మన వాళ్ళలో కూడా ఒక మాట ఉంది. “డెవలపర్ అంటే గొప్ప, టెస్టర్ అంటే తక్కువ” అని. ఈ మాటను మేము ఒప్పుకోం. పనుల్లో ఎక్కువ తక్కువలు పెట్టి, ఆ తర్వాత ఆ పని చేసే మనుషుల్లో ఎక్కువ తక్కువలు పెట్టిన సమాజం నుండి వచ్చాం మనం. ఆ నిచ్చెనను కంప్యూటర్ గదిలోకి కూడా మోసుకుపోవడం మనకు తగునా? తప్పును తప్పు అని చూపించే పని చిన్నదైతే అంబేద్కర్ గారు జీవితమంతా చేసింది ఏమిటి?

పైగా ఈ పనికి మనకున్న అర్హత వేరే వాళ్ళకు లేదు. వెబ్ పేజీలో ఫారం నింపడం, బటన్ నొక్కడం, వచ్చిన జవాబు సరైనదా అని చూడటం ప్లేరైట్ తనంతట తానే చేస్తుంది. మనం నింపి చూపిస్తే ఆ మెట్లను రికార్డు చేసి టెస్టుగా రాసి కూడా ఇస్తుంది. కానీ ఏం నింపి చూడాలో మాత్రం మనిషే చెప్పాలి. ఇంటి పేరు ఆధార్‌లో ఒక రకంగా, టెన్త్ మెమోలో మరో రకంగా ఉన్న పిల్లవాడి సంగతి ఏమిటి? తండ్రి పేరు గడి నింపలేని అమ్మాయి ఏం చేయాలి? ఒకే ఫోన్ నంబరు మీద ముగ్గురు పిల్లల దరఖాస్తులుంటే? కైకిలి చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయిన తల్లి బయోమెట్రిక్ పెట్టలేకపోతే? ఏసీ గదిలో పెరిగిన ఇంజనీరుకు ఈ ప్రశ్నలు తోచకపోవచ్చు. ఆయన చెడ్డవాడని కాదు, ఆయనకు ఆ కష్టం ఎదురు కాలేదు. స్కాలర్‌షిప్ కోసం మీ సేవ సెంటర్ల ముందు నిలబడిన మనకు ఇవి నోటికి వచ్చిన పాఠాలు. మన ఇళ్ళలో మొదటి డిగ్రీలు మనవే కావచ్చు. మనం మోసుకొచ్చిన ఈ అనుభవం మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పని సిలబస్.

దీనిమీద కొన్ని అభ్యంతరాలు వింటుంటాం. “ఏఐ వచ్చింది, కోడ్ అదే రాస్తోంది, ఇక ఇవన్నీ ఎందుకు?” అంటారు కొందరు. యంత్రం రాసిన దాన్ని మనిషి పరీక్షించవలసిన అవసరం పెరిగిందే గానీ తగ్గలేదు. అదే కోడ్ రాసి అదే టెస్టు కూడా రాస్తే, తన పేపరు తానే దిద్దుకున్న విద్యార్థి లాగా ఉంటుంది. “టెస్టింగ్ ఉద్యోగాలు తగ్గుతున్నాయి కదా?” అని మరికొందరు అంటారు. చేత్తో బటన్లు నొక్కి చూసే పని తగ్గుతున్న మాట నిజమే. అందుకే టెస్టులు రాయడం, డీబగ్ చేయడం నేర్వమంటున్నాం. డెవలపర్ ఉద్యోగానికి వెళ్ళినా ఈ పని తప్పదు. ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. టెస్టులన్నీ ఆకుపచ్చగా ఉన్నంత మాత్రాన ప్రోగ్రాంలో తప్పే లేదని కాదు. మనం అడిగిన ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పిందని మాత్రమే. అందుకే అడిగే మనిషి ముఖ్యం.

“మన హాస్టల్ కంప్యూటర్లు పాతవి, నెట్ సరిగా రాదు” అన్నది మూడో అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. అయితే ఈ ఎడిటర్‌కు 1 జీబీ ర్యామ్ చాలని తయారుచేసిన వాళ్ళే చెబుతున్నారు. విండోస్ 10 గానీ లినక్స్ గానీ ఉంటే సరి. ఎక్స్‌టెన్షన్ ఫైలును ఒకసారి దించుకుంటే పెన్ డ్రైవ్‌లో పెట్టి నెట్ లేని కంప్యూటర్లలో కూడా ఎక్కించవచ్చు. పైథాన్ టెస్టులకు ఇంత చాలు. బ్రౌజర్లను నడిపే ప్లేరైట్‌కు మాత్రం కాస్త మంచి కంప్యూటర్ కావాలి, దాన్ని తర్వాత నేర్చుకోవచ్చు.

కాబట్టి ఈ సంచిక ద్వారా మూడు విన్నపాలు చేస్తున్నాం.

మొదటిది వార్డెన్ గారికీ, అధికారులకూ. హాస్టల్‌లో కంప్యూటర్ ఉండి గదికి తాళం ఉంటే ఏం లాభం? వారానికి రెండు సాయంత్రాలు ఆ గదిని మాకు వదలండి, తాళం బాధ్యత మేము తీసుకుంటాం.

రెండోది పూర్వ విద్యార్థులైన అన్నలకూ, అక్కలకూ. ఏటా వార్షికోత్సవానికి మీరు ఫ్యాన్లు, కంచాలు, దుప్పట్లు ఇస్తున్నారు. వాటిని మేము మరచిపోం. కానీ మీలో హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఈ పనే చేస్తున్నవాళ్ళు ఉన్నారు. నెలకు ఒక్క ఆదివారం ఒక గంట ఫోన్‌లో కనబడి చెప్పండి. ఆ గంట పది ఫ్యాన్ల కన్నా ఎక్కువ కాలం తిరుగుతుంది. 2023 జూన్‌లో మన సిద్దిపేటలోనే ఐటీ టవర్ ప్రారంభమైంది. దాన్ని రోడ్డు మీది నుండి చూసి పోయే తరంగా మేము మిగలకూడదు.

మూడోది తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ. పెద్ద ప్రాజెక్టు కోసం ఎదురుచూడవద్దు. మన మెస్ లెక్కనే తీసుకోండి. ఎంతమంది తిన్నారు, ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని గుడ్లు, నెలకు ఎంత అని కూడే చిన్న ప్రోగ్రాం రాయండి. దానికి పది టెస్టులు రాయండి. సెలవుకు ఇంటికి పోయినవాడిని తిన్నట్టు చూపిస్తుందా? ఫిబ్రవరికి 30 రోజులు వేస్తుందా? గుడ్డు ఇవ్వని రోజును కూడా లెక్కేస్తుందా? ఎర్ర ఇంటూ పడితే సిగ్గుపడకండి. అది ఫెయిలైన గుర్తు కాదు, దొంగ దొరికిన గుర్తు.

ఇన్నాళ్ళూ ఇతరులు గీసిన గడుల్లో మన పేర్లు నింపాం. ఆ గడులు సరిగ్గా ఉన్నాయా అని అడిగే వంతు మనది. ఆ ప్రశ్న అడగడం చేతనైన వాళ్ళు ఈ హాస్టల్ నుండి ఏటా పదిమంది బయటికి వచ్చినా చాలు, మన వెనుక వచ్చే పిల్లల్లో ఒక్కరైనా చేయని తప్పుకు ఫెయిల్ కాకుండా ఉంటారు.