ముక్కు పోయి నోసు వచ్చె!

ఉప్పల్‌లో గానీ, నాచారంలో గానీ ఎవరింటికి వెళ్లినా కాఫీ కంటే ముందు పాపాయి ప్రదర్శన తప్పదు. "ఆంటీకి నోస్ చూపించమ్మా! ఐస్ ఏవీ?" పుల్ల ఐసు కాదండోయ్, కళ్లు! పాప చూపిస్తుంది, తల్లి మురిసిపోతుంది. ముక్కేదని అడిగి చూడండి, బిక్కమొహం వేస్తుంది.

ఇంగ్లీషు వద్దనడం లేదు తల్లీ! అది బడిలో ఎలాగూ వస్తుంది. కానీ వాళ్ల 'చీక్' ఒక్కదానికి మనకు రెండు మాటలున్నాయి. ముద్దొస్తే గిల్లేది బుగ్గ, కోపమొస్తే వాయించేది చెంప! కణత, నొసలు, చెవితమ్మె ఎక్కడుంటాయో అమ్మ చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? రేపు జ్వరమొచ్చిన పసిదాన్ని నాయనమ్మ "నొప్పి కణతల్లోనా, చెవిలోనా?" అని అడిగితే మధ్యలో దుబాసీని పెడతామా?

తెలంగాణలో 2018లో చట్టం చేసి, ఒకటో తరగతి నుంచి బడుల్లో తెలుగు తప్పనిసరి అన్నారు. మంచిదే. కానీ చట్టం బడి గుమ్మం దాకానే వస్తుంది, అమ్మ ఒళ్లోకి రాదు. లాల పోసేటప్పుడు ఒక్కొక్కటే తడిమి చెప్పండి: ఇది ముక్కు, ఇది చెవి, ఇది బుగ్గ. ఫీజు లేదు, డొనేషన్ లేదు. ఒకటో తరగతిలో టీచరమ్మ పిల్లకు కొత్తగా పరిచయం చేయాల్సింది అక్షరాల్ని గానీ, దాని ముక్కుని కాదు గదా!