పొలంలో ప్లాస్టిక్ కాలిన కంపు వస్తే...

నాట్ల సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ పోతే రైతు పడే పాట్లు వేరే చెప్పనక్కర్లేదు. దొంగకు కావలసింది లోపలి రాగి తీగ. దానికోసం ఆయిలంతా నేలపాలు చేసి, డబ్బాను బోదెలో పడేసి పోతాడు. తూకానికి అమ్మితే వాడికొచ్చేది కొద్ది సొమ్మే. ఇక్కడ మాత్రం దాని కింద బోర్లన్నీ ఆగిపోయి, కొత్తది వచ్చేదాకా నారుమడి నెర్రెలు విచ్చుకుంటుంది.

మర్నాడు ఊళ్లోకెళ్లి అడిగితే ఎవరో ఒకరు ఏదో ఒకటి చూసే ఉంటారు. ‘రాత్రి ట్రాలీ ఆటో లైట్లు ఆర్పుకుని డొంకదారిన పోయింది సార్’ అంటారొకరు. ‘మా బోర్లకే కరెంటు పోయింది, పక్క చేలో మోటారు ఆడుతూనే ఉంది’ అంటారింకొకరు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, ‘మనకెందుకులే, స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు’ అని జవాబు. ఈ జంకు ఉత్తినే రాలేదు. ఆ పొలం మా పరిధిలోకి రాదని తిప్పి పంపితే రెండోసారి ఎవరు వెళ్తారు? అయితే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే. ఎఫ్ఐఆర్ నకలు కూడా ఉచితంగా ఇవ్వాలి.

మోటారు కేబులు కోసుకుపోయేవాళ్లు పైతొడుగు వదిలించడానికి దాన్ని కాలుస్తారు. తెల్లవారుజామున వాగు ఒడ్డునో, పాడుబడ్డ ఇటుక బట్టీ దగ్గరో ప్లాస్టిక్ కాలిన కంపు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. వేళకాని వేళ ఏబీ స్విచ్ దించి కనబడితే లైన్‌మన్‌కు ఫోను చేసి, మరమ్మతు ఏమన్నా ఉందా అని అడగండి. లేదంటే వెంటనే 112కు చెప్పండి. బండి నంబరు, పోయిన దిక్కు, టైము చెబితే చాలు. ఒంటరిగా ఎదురుపోవద్దు, తీగల దగ్గరికి అసలే వద్దు.

అలాగని కొత్త మొహం కనబడగానే చెట్టుకు కట్టేయడం కూడా తప్పే. 2018 మేలో దొంగల ముఠాలు దిగాయంటూ ఫోన్లలో తిరిగిన పుకార్లు నమ్మి తెలంగాణలో అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. పాత ఇనుము కొనేవాడు, గొర్రెల మందతో వచ్చినవాడు పొట్టకూటికి తిరిగేవాళ్లు. నన్నడిగితే, ఏ బోరు ఎక్కడుందో, త్రీఫేజు ఎప్పుడు పోతుందో తెలిసినవాడు చుట్టుపక్కల వాడే కావచ్చు. అందుకే మొహం కాదు, చేసే పని చూడాలి.

స్టార్టరు డబ్బా మూత లోపల లైన్‌మన్ నంబరు, స్టేషన్ నంబరు రంగుతో రాసిపెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కునే పని ఉండదు.