వర్క్‌షాపు తాళం ఎవరి దగ్గరుంది?

ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి ఉద్యోగ జీవితం ఎక్కడ మొదలవుతుంది? క్యాంపస్ ఇంటర్వ్యూ గదిలో అని మనం అనుకుంటాం. మెకానికల్ చదివేవాళ్ళని అడిగితే వేరే మాట చెబుతారు. కాలేజీ వెనకాల రేకుల షెడ్డులో, ఒక చిన్న రేసుకారు చుట్టూ, గ్రీజు చేతులతో గడిపిన రాత్రుల్లో మొదలవుతుందంటారు. ఆ రాత్రుల్లో మన అమ్మాయిలు ఎక్కడున్నారన్నదే ఈసారి నేను మాట్లాడదలచుకున్న విషయం. కార్ల పందేలకీ స్త్రీల హక్కులకీ ఏమిటి సంబంధం అని కొందరు మిత్రులు నవ్వొచ్చు. కాస్త ఓపిక పట్టండి.

ఒక్కరు కూర్చునే రేసుకారుని విద్యార్థులే డిజైన్ చేసి, తయారుచేసి, నడిపి చూపించే పోటీ ఒకటుంది. 1981లో అమెరికాలో, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ‘ఫార్ములా ఎస్ఏఈ’ పేరుతో మొదలైంది. 1998లో ‘ఫార్ములా స్టూడెంట్’గా ఇంగ్లండు వెళ్ళింది. మన దేశంలో గతుకుల దారుల్లో నడిచే బండ్ల ‘బాహా’ పోటీ 2007లో, రేసుకార్ల ‘సుప్రా’ పోటీ 2011లో వచ్చాయి. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ‘ఫార్ములా భారత్’ మరొకటి. రెండు తెలుగు రాష్ట్రాల కాలేజీల పిల్లలూ వీటికి వెళుతున్నారు.

వేగంగా నడిపినవాళ్ళదే గెలుపు కాదిక్కడ. ఫార్ములా ఎస్ఏఈలో మొత్తం 1000 మార్కులైతే, 325 మార్కులు కారు కదలకుండానే తేలిపోతాయి. డిజైన్‌కి 150, ఖర్చు లెక్కకి 100, వ్యాపార ప్రణాళికకి 75. ప్రతి బోల్టుకీ లెక్క చూపాలి. ఆ తర్వాత ట్రాకు మీద పరుగు, మలుపులు, చివర్లో 22 కిలోమీటర్ల ఓర్పు పరీక్ష. దానికొక్కదానికే 275. దారిలో ఎక్కడ ఆయిలు కారినా ఏడాది కష్టం అక్కడే ఆగిపోతుంది.

అసలు చదువు డిజైన్ మార్కుల దగ్గరుంది. పరిశ్రమలో పనిచేసే ఇంజనీర్లు కారు ముందు నిలబడి అడుగుతారు. ఈ గొట్టం మందం ఇంతే ఎందుకు? ఈ స్ప్రింగునే ఎందుకు ఎంచుకున్నారు? మీ లెక్కకీ కొలిచినదానికీ తేడా ఎందుకొచ్చింది? వీటికి జవాబులు గైడు పుస్తకాల్లో దొరకవు. విరిగిన ముక్కని చేత్తో పట్టుకుని చూసినవాళ్ళకే తెలుస్తాయి. రెండేళ్ళు ఇలా నలిగిన పిల్లలకి ఉద్యోగం ఇంటర్వ్యూ కొత్తగా ఉండదు. అక్కడా అవే ప్రశ్నలు. కంపెనీల వాళ్ళు మార్కుల జాబితా పక్కన పెట్టి “నువ్వు స్వయంగా చేసిందేమిటి?” అని అడగడం ఇందుకే.

ఇప్పుడు మన అమ్మాయి సంగతి. మూడో సంవత్సరం మెకానికల్ చదువుతూ కారు జట్టులో ఉన్న ఒక విద్యార్థినితో ఈ మధ్య మాట్లాడాను. వెల్డింగ్ నేర్చుకుంది, సస్పెన్షన్ అంటే ప్రాణం. పగలంతా క్లాసులు, ల్యాబులు. వర్క్‌షాపు జట్టు చేతికొచ్చేది సాయంత్రం. అమ్మాయిల హాస్టలు గేటు ఎనిమిదికి మూస్తారు, అబ్బాయిల హాస్టలుకి అడిగే నాథుడు లేడు. “మేడమ్, ఏడున్నరకి సస్పెన్షన్ విప్పడం మొదలుపెడతారు. పొద్దున నేను వెళ్ళేసరికి బిగించేసి ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో నాకు ఫోనులో ఫొటో వస్తుంది” అంది. మెల్లగా ఆమెకి స్పాన్సర్లకి ఉత్తరాలు రాసే పని, బ్రోషరు పని, లెక్కల పని అప్పగించారు. ‘నీ రాత బాగుంటుంది కదా’ అన్నారట!

ఖర్చు లెక్క చిన్న పనని నేననడం లేదు. నూరు మార్కుల పని అది, ఇష్టపడి చేస్తే అదొక నైపుణ్యం. కానీ ఆమె దాన్ని ఎంచుకోలేదు. గడియారం ఎంచి ఇచ్చింది.

రేపు ఉద్యోగానికి వెళితే “నువ్వు స్వయంగా చేసిందేమిటి?” అన్న ప్రశ్నకి ఆమె ఏం చెప్పాలి? ఫొటోలు చూశానని చెప్పాలా? ఆ తర్వాత ‘కోర్ ఉద్యోగాలకి అమ్మాయిలు పనికిరారు’ అని తీర్మానించేస్తారు. 1974లో టెల్కో కంపెనీ ఉద్యోగ ప్రకటనలో స్త్రీలు దరఖాస్తు చేయనక్కర్లేదని బాహాటంగానే రాసింది. దాన్ని నిలదీస్తూ సుధామూర్తి జె.ఆర్.డి. టాటాకి పోస్టుకార్డు రాశారు, ఉద్యోగమూ సంపాదించారు. ఇప్పుడు ప్రకటనలో ఆ వాక్యం ఉండదు. ఆ పనిని హాస్టలు గేటు చేసి పెడుతోంది.

అంతకు ముందు, 1940లలో, పద్దెనిమిదేళ్ళకే భర్తని పోగొట్టుకున్న తెలుగింటి ఆడపిల్ల ఎ. లలిత, చంటిబిడ్డ తల్లి, మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివింది. పట్టా మీద ‘అతడు’ అని అచ్చయి ఉంటే కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో దిద్దాల్సి వచ్చింది.

రక్షణ కోసమే కదా అంటారు వార్డెన్లు. ఫ్యాక్టరీల చట్టం కూడా ఆ మాటే చెప్పింది. 1948 నాటి ఆ చట్టం 66వ సెక్షను రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా స్త్రీలని ఫ్యాక్టరీకి దూరంగా ఉంచింది. ఆ నిషేధం వివక్షేనని 2000లో మద్రాసు హైకోర్టు, 2002లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేశాయి. కాలేజీల సంగతికొస్తే, రక్షణ పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్ళకి అబ్బాయిలకి లేని నియమాలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది. ఎంతమంది ప్రిన్సిపాళ్ళు దాన్ని తెరిచి చూశారు?

రక్షణ అంటే షెడ్డు దగ్గర దీపాలు, రాత్రి కాపలా, హాస్టలు దాకా దింపే బండి, ఫిర్యాదు చేస్తే నిజంగా పనిచేసే కమిటీ. వీటికి డబ్బు కావాలి. తాళానికి పెద్ద ఖర్చు లేదు.

ఢిల్లీలో ఇందిరాగాంధీ మహిళా సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి మొత్తం అమ్మాయిల జట్టు బాహాకి వెళ్ళింది. అక్కడ బరువు పని ఎవరి మీదకీ తోసేయడానికుండదు, అన్నీ వాళ్ళే చేసుకోవాలి. చాలా సంతోషం. అయితే అదే పరిష్కారమంటే నేనొప్పుకోను. రేపు పనిచేయాల్సిన చోట మగవాళ్ళూ ఉంటారు. ఫార్ములా ఎస్ఏఈ నిబంధనల్లో ఒక ముచ్చటైన మాట ఉండేది. డ్రైవరు సీటు బాగా పొడుగైన మగవాడికే కాదు, బాగా పొట్టి ఆడమనిషికి కూడా సరిపోవాలి. కారులో చోటు చూపించారు. షెడ్డులోనే లేదు.

మీ కాలేజీలో, మీ పిల్లల కాలేజీలో అమ్మాయిల హాస్టలు ఎన్నింటికి మూస్తారు, అబ్బాయిలది ఎన్నింటికి, వర్క్‌షాపు తాళం ఎవరి దగ్గరుంటుంది, రాత్రి పనికి అనుమతి అడిగితే ఏం రాసిచ్చారు... వివరంగా రాసి పంపండి. పేర్లు వద్దంటే వేయం. వచ్చిన ఉత్తరాలన్నీ వచ్చే సంచికలో అచ్చువేసి, ఒక్కో ప్రతి ఆయా ప్రిన్సిపాళ్ళకి పోస్టులో పంపుతాం.